అప్‌డేట్: కంపెనీ టీడీఎస్ కోసుకుని కట్టలేదు, నోటీసు మాత్రం నాకొచ్చింది

పోయిన నెల అడిగాను కదా, పాత కంపెనీ నా జీతంలోంచి నెలకు 4,200 చొప్పున ఏడాదంతా టీడీఎస్ (జీతం ఇచ్చేముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని ప్రభుత్వానికి కట్టలేదు, నా పేరు మీద జమైన పన్ను చూపించే ఫారం 26ఏఎస్‌లో ఏమీ కనిపించడం లేదు, ఆ 50,400 మళ్ళీ నన్నే కట్టమని ఆదాయపు పన్ను శాఖ అంటోంది, ఏం చేయాలి అని.

మీలో ఒకరు చెప్పిన సెక్షన్ 205 నిజంగా పనికొచ్చింది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని ఆ సెక్షన్ ప్రకారం, జీతంలో కోసేసిన పన్నును ఉద్యోగి దగ్గర మళ్ళీ అడగకూడదు. ఇలాంటి కేసుల్లో బలవంతంగా వసూలు చేయొద్దని సీబీడీటీ (ఆదాయపు పన్ను శాఖను నడిపే కేంద్ర బోర్డు) కూడా 2015 జూన్ 1న అధికారులకు రాసింది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆ డిమాండ్‌ను (కట్టమన్న బాకీని) ఒప్పుకోవడం లేదని పెట్టి, 12 పేస్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేశా. రాత్రి కూర్చుని స్టేట్‌మెంట్‌లో పడిన ప్రతి జీతం పక్కన పేస్లిప్పులోని నెట్ పే (కోతలన్నీ పోను చేతికొచ్చే జీతం) పెన్సిల్‌తో రాసుకుంటూ పోయా, ఒక్క రూపాయి తేడా లేదు, నా దగ్గరున్న గట్టి రుజువు అదే.

అయినా ఈలోపే ఈ ఏడాది రీఫండ్‌లోంచి 11,300 ఆ బాకీకి సర్దేసుకున్నారు. చాలా బాధేసింది, అది పాప స్కూల్ ఫీజుకని అనుకున్న డబ్బు. పోర్టల్‌లో గ్రీవెన్స్ (ఫిర్యాదు) వేసి, ఆదాయపు పన్ను వార్డు ఆఫీసులో లెటర్ ఇచ్చి స్టాంపు వేయించుకున్నా. ఇంకా తేలలేదు.

ఉద్యోగం మారేవాళ్ళు దయచేసి పేస్లిప్పులన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, మానేశాక లాగిన్ పనిచేయదు.