వార్నిష్ తగలగానే స్టాంపు ఇంకు పాకుతోంది, ఏ ఇంకు వాడాలి?

మాది కావలి దగ్గర తుమ్మలపెంట. గోడకు వేలాడదీసే అలంకరణ ఒకటి చేస్తున్నాను. గంజి తీసిన కోరా గుడ్డపై రెండు పూతలు జెస్సో (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత), స్టెన్సిల్‌తో అక్రిలిక్ తీగలు, అంచుల్లో పాత చీర జరీ ముక్కలు, మధ్యలో చెక్క అచ్చుతో నల్ల చేపలు. తగిలించే కర్రను ఉదయగిరి చెక్క పనివాళ్ల దగ్గర ప్రత్యేకంగా చేయించాను కాబట్టి మధ్యలో వదిలేసే ఉద్దేశం లేదు.

స్టెన్సిల్ పని చక్కగా కుదిరింది. తంటా అంతా చేపలతోనే. అచ్చుకు వాడింది ఆఫీసు రబ్బరు స్టాంపుల ప్యాడ్‌లో పోసే నీటి ఆధారిత నల్ల ఇంకు. 24 గంటలు ఆరాక కూడా, నీళ్లతో పలుచన చేసే మ్యాట్ వార్నిష్ తగలగానే చేపల అంచులు ఊదా రంగుకు తిరిగి పక్కకు పాకుతున్నాయి. విడి ముక్కలపై హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి చూశాను, వెనకవైపు ఇస్త్రీ పెట్టాను, బ్రష్ బదులు స్పాంజితో అద్దాను. ఏదీ పనిచేయలేదు. అచ్చుకు అక్రిలిక్ రంగే రాస్తే చెదరలేదు గానీ పొలుసుల సన్నగీతలు పూడిపోయాయి. పొలుసులు లేని చేప నాకు వద్దు. వార్నిష్ మానేద్దామంటే, ఇది ఉండబోయేది ఉప్పుగాలి కొట్టే వరండాలో.

జెస్సో పూసిన గుడ్డపై సన్నగీతలు స్పష్టంగా పడి, నీటి ఆధారిత వార్నిష్‌కు చెదరకుండా నిలిచే స్టాంపు ఇంకు ఏది?