100 ఎంబీపీఎస్ ఫైబర్, ఫ్లాట్‌లో ఇద్దరం: మోడెమ్ కొనాలా, రూటర్ కొనాలా?

మద్దిలపాలెం302

అందరికీ నమస్కారం. మద్దిలపాలెంలో రెండు పడగ్గదుల ఫ్లాట్, మూడో అంతస్తు. నేనూ రూమ్మేటూ కలిసి 100 ఎంబీపీఎస్ ఫైబర్ పెట్టించుకున్నాం, బిల్లు చెరిసగం. కంపెనీవాళ్లు ఇచ్చిన తెల్ల బాక్సు వీధి గుమ్మం పక్కన టీవీ వెనక గోడకి బిగించి ఉంది. దాని వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. హాల్లో 40 దాకా వస్తుంది, వెనక గదిలో 6, 7 దాటదు. రూమ్మేట్‌కి పగలంతా వీడియో కాల్స్. నేను పెద్ద ఫైల్ ఏదైనా అప్‌లోడ్ పెట్టానంటే అతని కాల్ ముక్కలు ముక్కలవుతుంది.

తెలిసినవాళ్ల దగ్గర పాత ఏడీఎస్ఎల్ మోడెమ్ ఖాళీగా ఉంది, అది పనికొస్తుందా? కొత్తది కొనాలంటే 3000 లోపు ఏది? నా హార్డ్ డిస్కు, ప్రింటరు అతనికి కనిపించకుండా పెట్టొచ్చా? కరెంటు పోయినప్పుడు కాల్ తెగకుండా ఏం చెయ్యాలి?

తీగలపని

ముందు ఇంట్లోకి వచ్చిన తీగ చూడండి. సన్నటి తీగ చివర ఆకుపచ్చ పిన్ ఉండి అది తెల్ల బాక్సులోకి వెళ్తుంటే అది నిజమైన ఫైబర్, ఆ బాక్సు పేరు ఓఎన్‌టీ. మోడెమ్ చెయ్యాల్సిన పని అదే చేస్తోంది కాబట్టి మీరు ఇంకో మోడెమ్ కొనక్కర్లేదు, రూటర్ చాలు. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ మెట్ల దగ్గర స్విచ్ దాకానే వచ్చి, అక్కణ్ణుంచి ఫ్లాట్‌కి మామూలు లాన్ వైరు వస్తుంది. అలాంటి చోట ఓఎన్‌టీ ఉండదు, వైరు తిన్నగా రూటర్ వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే పోర్టు) పెట్టుకోవడమే.

పాత ఏడీఎస్ఎల్ మోడెమ్ వదిలెయ్యండి. దాని వెనకున్న చిన్న పోర్టు టెలిఫోన్ రాగి తీగ కోసం, ఫైబర్‌కి దానితో సంబంధం లేదు. లాన్ పోర్టుల ద్వారా యాక్సెస్ పాయింట్‌లా, అంటే వైఫై పంచే పెట్టెలా మాత్రం, వాడొచ్చు గానీ అవి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్, 100 ఎంబీపీఎస్ పోర్టుల కాలం నాటివి. మీకున్న ఇబ్బందే ఇంకో గదిలోకి తెచ్చుకున్నట్టవుతుంది.

ఇంకో మాట. టీవీ వెనక బాక్సు పెడితే టీవీ లోహపు పలకే వైఫైకి అడ్డు. పైగా వెనక గదికి వెళ్లాలంటే రెండు ఇటుక గోడలు, మధ్యలో ఆర్‌సీసీ స్తంభం, అద్దం తలుపుల ఇనప బీరువా ఉంటే అదీ దాటాలి. ఎంత ఖరీదు రూటరైనా అదే మూల పెడితే ఫలితం పెద్దగా మారదు. కొనే ముందు ఓ పరీక్ష చెయ్యండి: లాప్‌టాప్‌ని ఓఎన్‌టీకి లాన్ కేబుల్‌తో కలిపి స్పీడ్ చూడండి. 90 పైన వస్తే లైను బాగున్నట్టే, లోపం వైఫైదే. కేబుల్ మీదా 40 వస్తే ఆపరేటర్‌ని పిలవాల్సిందే.

లైను బాగుంటే ఓఎన్‌టీని కదపకండి. కదపాలంటే ఫైబర్ పొడిగించాలి, దాన్ని గోడ మూలలో మడిచి మేకు కొడితే కాంతి తగ్గిపోతుంది. 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే గట్టిగా వంచకూడదు. ఓఎన్‌టీ నుంచి గదుల మధ్య నడవా దాకా 15 మీటర్ల క్యాట్6 వైరు లాగి, కొత్త రూటర్‌ని అక్కడ తలెత్తు పైన పెట్టండి. వైరు కొనేటప్పుడు నిఖార్సైన రాగిదేనని అడిగి తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవగ్గా దొరుకుతుంది, కానీ వంపు దగ్గర విరుగుతుంది. మన ఊళ్లో బాల్కనీ గుండా వైరు లాగితే ఉప్పుగాలికి పిన్ కాళ్లు పచ్చబడతాయి, అందుకని లోపలి నుంచే లాగండి.

రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టుకుంటే పని సులువు. దాని చిరునామా 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామాలు పంచే పని) ఆపేసి, వైరు వాన్‌లో కాకుండా లాన్ పోర్టులో పెడితే సరి.

ఐదుగిగాలు

రూటర్ ఎంపిక గురించి. పెట్టె మీద ఏసీ1200 అని ఉంటే అది 2.4 మీద 300, 5 మీద 867 కలిపి చెప్పే అంకె. ఒక్క ఫోన్‌కి 1200 రాదు. మీరు చూడాల్సింది వెనకున్న పోర్టులు. టీపీ-లింక్ ఆర్చర్ సీ50, సీ6 రెండూ ఏసీ1200 పేరుతోనే అమ్ముతారు. సీ50కి 100 ఎంబీపీఎస్ పోర్టులు, సీ6కి గిగాబిట్ పోర్టులు. మీ 100 ప్లాన్ మీద సీ50 కూడా 94 దాకా ఇస్తుంది, అబద్ధం చెప్పకూడదు. కానీ రేపు 200 ప్లాన్‌కి మారితే ఆ 94 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి గిగాబిట్‌దే తీసుకోండి. ఓఎన్‌టీ వెనక కూడా చూడండి, కొన్నిట్లో ఒక్క పోర్టే గిగాబిట్, దాని పక్కన జీఈ అని ఉంటుంది. వైరు అందులోనే పెట్టాలి.

వైఫై 6 రూటర్ బడ్జెట్‌లో వస్తే తీసుకోండి, రాకపోతే బాధ లేదు. ఇద్దరికి 5 గిగాహెర్ట్జ్ ఉండటం ముఖ్యం.

సెట్టింగుల్లో 2.4ని 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నదానికి కట్టండి. 40 పెడితే పక్క ఫ్లాట్ల వైఫైలతో కొట్టుకుంటుంది. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నంత సేపూ 2.4 నీరసిస్తుంది, కాల్స్ దాని మీద పెట్టకండి. 5కి 80 మెగాహెర్ట్జ్, ఛానెల్ 36 లేదా 149. ఆటోలో వదిలేస్తే 52 నుంచి 144 మధ్య ఛానెల్ ఎక్కొచ్చు. అవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ తగిలిందంటే రూటర్ ఆ ఛానెల్ వదిలెయ్యాలి, అలాంటి ఇంకో ఛానెల్‌కి వెళ్తే కనీసం ఒక నిమిషం విని గానీ ప్రసారం మొదలుపెట్టకూడదు. ఓడరేవు, నౌకాదళం, విమానాశ్రయం ఉన్న విశాఖలో కాల్ మధ్యలో అలా తెగే అవకాశం ఎందుకు పెట్టుకోవాలి? కైలాసగిరి మీద వాతావరణ రాడార్ కూడా ఉంది కదా.

తీగలపని

ఛానెళ్ల సలహా సరైనదే, కైలాసగిరి మాట మాత్రం దిద్దాలి. అక్కడున్న డాప్లర్ రాడార్ ఎస్-బ్యాండ్‌ది, అది 2.7 నుంచి 2.9 గిగాహెర్ట్జ్ ప్రాంతం. మన 5 గిగాహెర్ట్జ్ ఛానెళ్ల జోలికి రాదు.

మద్దిలపాలెం302

కేబుల్ మీద 93 వచ్చింది, రెండుసార్లు చూశాను. అంటే లైను బాగానే ఉంది. అయితే రూటర్ మధ్యలో పెట్టి యాక్సెస్ పాయింట్ మోడ్ చేస్తే అప్‌లోడ్ గొడవ కూడా తీరుతుందా?

వరుసక్రమం

తీరదండీ. పై సలహాలతో వెనక గదికి స్పీడ్ వస్తుంది, కాల్ ముక్కలవడం ఆగదు. దాని కారణం వేరు.

వీడియో కాల్‌కి రెండు వైపులా 3, 4 ఎంబీపీఎస్ చాలు, మీ లైనులో అంత ఎప్పుడూ ఉంటుంది. కానీ మీ అప్‌లోడ్ లైను నిండా పరుచుకోగానే ఓఎన్‌టీలో డేటా బారులు తీరుతుంది, అతని కాల్ ప్యాకెట్లు ఆ బారు చివర నిలబడతాయి. కళ్లతో చూడాలంటే ఒక లాప్‌టాప్‌లో పింగ్ 8.8.8.8 (డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం చూపే కమాండ్) అలా నడుస్తూ ఉంచి, ఫోన్‌లో పెద్ద వీడియో ఒకటి బ్యాకప్ పెట్టండి. తక్కువగా ఉన్న మిల్లీసెకన్లు వందల్లోకి ఎగబాకితే రోగం ఇదే. ఇద్దరి మధ్య తగవు స్పీడుది కాదు, బారుది. ప్లాన్ 200కి పెంచినా ఒక్క అప్‌లోడ్ దాన్నీ నింపేస్తుంది.

దీనికి మందు ఎస్‌క్యూఎమ్, అంటే రూటర్‌లో ఆ బారుని అదుపు చేసే ఏర్పాటు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే రూటర్ తీసుకుని, కేక్ అనే పద్ధతి ఎంచుకుని, డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండింటినీ మీరు కొలిచిన స్పీడులో 90 శాతానికి కట్టండి. మీ 93కి 84 పెట్టండి. అప్‌లోడ్ విడిగా కొలవండి, ప్లాన్‌ని బట్టి తక్కువ ఉండొచ్చు. ఆ పది శాతం వదులుకుంటేనే బారు ఓఎన్‌టీలో కాకుండా మీ చేతిలో ఉన్న రూటర్‌లో కడుతుంది, అక్కడ ఇద్దరికీ సమానంగా వంతు వస్తుంది. పింగ్ మళ్లీ చూసి ఇంకా ఎగిరితే 80కి దించండి. చిన్న ప్రాసెసర్లు 500 ప్లాన్ దగ్గర ఈ పని మొయ్యలేవు, 100 దగ్గర ఇబ్బంది లేదు. ఒకే మోడల్ పేరు మీద వెర్షన్ మారితే లోపలి చిప్ మారిపోతుంది, కాబట్టి పెట్టె అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ చూసి, అది ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ పట్టికలో ఉంటేనే డబ్బు కట్టండి.

ఇది యాక్సెస్ పాయింట్ మోడ్‌లో కుదరదు, డేటా అంతా రూటర్ గుండా నడవాలి. వైరు ఓఎన్‌టీ లాన్ నుంచి కొత్త రూటర్ వాన్‌కి. కొత్త దాని చిరునామా 192.168.50.1 చెయ్యండి, రెండూ 192.168.1.1 అయితే పేజీలు తెరుచుకోవు. ఓఎన్‌టీ వైఫై ఆపెయ్యండి. దాని మీద ఒక్క ఫోన్ మిగిలినా అది బారు తప్పించుకుని దూరిపోతుంది. ఇలా పెడితే రెండుసార్లు నాట్ (ఇంటి చిరునామాని బయటి చిరునామాగా మార్చడం) జరుగుతుంది, కాల్స్‌కీ సినిమాలకీ దానివల్ల నష్టం లేదు. బయటి నుంచి ఇంటి కెమెరా చూడాలన్నా, గేమ్ హోస్ట్ చెయ్యాలన్నా అడ్డొస్తుంది. అప్పుడు ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌కి, అంటే లైనుని తిన్నగా రూటర్‌కి అందించేలా, మార్చమని ఆపరేటర్‌ని అడగండి. అప్పుడు లాగిన్ మీ రూటరే చెయ్యాలి కాబట్టి పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు ముందే రాయించుకోండి. ఓఎన్‌టీకి ల్యాండ్‌ఫోన్ తగిలించి ఉంటే, ఆ ఫోన్ సెట్టింగు ముట్టుకోవద్దని చెప్పి మరీ మార్పించండి.

తీగలపని

ఒప్పుకుంటున్నాను, అప్‌లోడ్ సంగతి నేను సరిగ్గా చదవలేదు. ఈ పద్ధతిలో మీ మూడో ప్రశ్న కూడా తీరుతుంది. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో చాలా రూటర్ల గెస్ట్ వైఫై పేరుకే వేరు, లోపలి పరికరాలు కనిపిస్తూనే ఉంటాయి. రూటర్ మోడ్‌లో గెస్ట్ నెట్‌వర్క్ నిజంగా విడిపోతుంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో దానికి వేరే ఇంటర్‌ఫేస్, వేరే ఫైర్‌వాల్ జోన్ మీరే కట్టుకోవాలి. ప్రింటరు ఇద్దరూ వాడేదైతే రూమ్మేట్‌ని గెస్ట్‌లో పెట్టకండి, హార్డ్ డిస్కుకి పాస్‌వర్డ్ పెట్టుకుంటే చాలు. వైఫైకి డబ్ల్యుపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యుపీఏ3, డబ్ల్యుపీఎస్ (బటన్ నొక్కి కలిపే సౌకర్యం) ఆఫ్. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉండాలి, సగం బిల్లు అతనిది కదా.

కరెంటు సంగతి. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో కూడా మారేటప్పుడు కొన్ని సెకన్లు పోతుంది. ఆ కాస్తకే ఓఎన్‌టీ ఆగి మళ్లీ లేచి లైను పట్టుకోడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. రెండు అవుట్‌పుట్‌లున్న 12 వోల్టుల మినీ యూపీఎస్ తీసుకుని ఓఎన్‌టీ, రూటర్ రెండూ దానికే కలపండి, ఒక్కదానికే పెడితే లాభం లేదు. కొనే ముందు రెండు ఎడాప్టర్ల మీద అంకెలు చదవండి. ఒకటి 12 వోల్ట్ 1 ఆంపియర్, ఇంకోటి 9 వోల్ట్ అయితే 9 వోల్టుల దానికి 12 ఇచ్చారంటే కాలిపోవచ్చు. పిన్ లోపలి రంధ్రం 2.1, 2.5 మిల్లీమీటర్లు రెండు రకాలుంటాయి, 2.5 పిన్ 2.1 సాకెట్‌లో వదులై మాటిమాటికీ తెగుతుంది. లోపల రెండు 2000 ఎంఏహెచ్ సెల్స్ ఉంటే సుమారు 15 వాట్-అవర్లు. రెండు పెట్టెలూ కలిపి 12 నుంచి 15 వాట్లు లాగితే గంట లోపే, అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

ఫైబర్ దారిలో కాంతిని ఇళ్లకి పంచే స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు కాబట్టి వీధి అంతా చీకటైనా మీ లైను నడుస్తుంది. మెట్ల దగ్గర స్విచ్ నుంచి లాన్ వైరు వచ్చే ఇళ్లకి ఆ సౌకర్యం లేదు, స్విచ్‌కి కరెంటు పోతే నెట్టూ పోయినట్టే. యూపీఎస్ ఉండి కూడా నెట్ పోతే ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ దగ్గర ఎర్ర లైటు చూడండి. అది వెలుగుతుంటే తీగ ఎక్కడో తెగింది లేదా పిన్ వదులైంది. వెలగకుండా నెట్ లేకపోతే ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ పవర్ (అందుతున్న కాంతి బలం) చూడండి. మైనస్ 27 డీబీఎం దాటి బలహీనపడితే ఫిర్యాదులో ఆ అంకె రాయండి. నెట్ రావట్లేదని రాస్తే రీస్టార్ట్ చెయ్యమంటారు, అంకె రాస్తే ఫైబర్ అతికించే స్ప్లైసింగ్ మెషిన్‌తో మనిషిని పంపుతారు.