మూసీ గట్టున చెత్త ఏరడం ఆపేసి నాలాల మీద దృష్టి పెడదామా?

నాగోలు వాసి:
మా కాలనీ సంఘం, పక్క కాలనీల వాళ్లు కలిసి కొన్నేళ్లుగా ఆదివారం పొద్దున మూసీ గట్టు శుభ్రం చేస్తున్నాం. మొన్నటి మీటింగులో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. చందాలు వేసుకుని, జేసీబీ పెట్టించి గట్టు చదును చేసి, మొక్కలు నాటి కంచె వేయాలని కొందరన్నారు. గట్టు పని ఆపేసి, సిటీ మురుగు మోసుకొచ్చే నాలాలు నదిలో కలిసే చోట నిఘా పెట్టాలని నేనన్నాను. ఏదీ తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా మూసీ పొడవు దాదాపు 240 కిలోమీటర్లు. పైన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. వాటి గేట్లు మూసి ఉన్నన్నాళ్లూ హైదరాబాద్ సిటీలో పారేది చాలావరకు మన బాత్రూముల నీళ్లే. మేం ఏరే బస్తాల్లో పాల ప్యాకెట్లు, డైపర్లు, పూజ పూల కవర్లు, తడిసి నలుగురు లాగినా కదలని పరుపులు. అవన్నీ తీసేసినా వాసన తగ్గదు. గట్టు పక్క ఇళ్లలో వెండి పట్టీలు నల్లబడిపోతాయి, ఏసీ కాయిల్స్ తొందరగా పాడైపోతాయి. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పని అది. స్నానానికి పనికొచ్చే నదిలో బీఓడీ, అంటే నీటిలోని మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి పట్టే ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. గట్టున ఎన్ని మొక్కలు నాటినా మూసీలో ఆ అంకె రాదు. ఉన్న కాసిన్ని చేతులు ఎక్కడ పెట్టాలన్నదే నా ప్రశ్న.

చైతన్యపురి టీచర్:
నేను ఒప్పుకోను అన్నా. ఆదివారం పని ఆపేస్తే మీ వెనక ఎవరుంటారు? మా స్కూలు పిల్లలకు మూసీ అంటే ముక్కు మూసుకుని దాటే వంతెన. గట్టు దిగి చేతులు పెట్టాకే ఈ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి టీచర్ అని అడగడం మొదలుపెట్టారు. పంజాబ్‌లో కాలీ బేయీ చూడండి. గురునానక్‌కు జ్ఞానోదయమైన చోటని సిక్కులు కొలిచే 160 కిలోమీటర్ల వాగు అది, మురుగుకాలువైపోయింది. సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ 2000లో మనుషుల్ని కూడగట్టి దాంట్లోకి దిగారు. గుర్రపు డెక్క చేతులతో పీకారు, గట్లు పోశారు, ఘాట్లు కట్టారు. అప్పటి రాష్ట్రపతి కలాం గారు 2006లో వెళ్లి చూశారు. వాళ్లు అర్జీలతో ఆగిపోయి ఉంటే ఆ వాగు ఇవాళ ఉండేదా?

నాగోలు వాసి:
మేడమ్, కాలీ బేయీ మీద నాకూ గౌరవమే. కానీ అక్కడ గుర్రపు డెక్క పీకడంతోనే వాగు బాగుపడలేదు. ఊళ్ల మురుగు వాగులోకి రాకుండా మళ్లించారు, చెరువుల్లో నిలవబెట్టి శుద్ధిచేసి పొలాలకు పెట్టారు. పైనుంచి కాలువ నీళ్లు వదిలించుకున్నారు. అంత చేశాక కూడా మురుగు కలిసిన ఏడాది చేపలు చచ్చి తేలాయి. పైగా అక్కడివి ఊళ్లు. ఇక్కడ కోటి జనాభా.

చాదర్‌ఘాట్ నుంచి:
జేసీబీ, చదును, కంచె. ఈ మూడు మాటలు వింటే మా బస్తీలో ఎవరికీ నిద్ర పట్టదు. 2024లో మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఈ ఇల్లు నది గర్భంలో ఉంది, తీసేయాలని గుర్తుగా ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి వెళ్లారు. కొంతమందిని డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపారు. ఇల్లు వచ్చింది సరే. ఇళ్లల్లో పనిచేసే మా ఆడవాళ్లకు పని ఇక్కడే ఉంది, పిల్లల బడి ఇక్కడే ఉంది. రోజూ రెండు బస్సులు మారి ఎలా వస్తారు?

వరద ప్రమాదం లేదని నేననను. 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లొచ్చాయి, మేమూ సామాన్లు నెత్తిన పెట్టుకుని పరుగెత్తాం. కానీ గట్టు శుభ్రం అని మీరంటే ఆఫీసుల్లో దాన్ని మమ్మల్ని ఊడ్చేయడం అని చదువుకుంటున్నారు. సిటీలో మూసీ దాకా మురుగు పంపని అపార్ట్‌మెంట్ ఒక్కటి చూపించండి. నది పాడైంది వాళ్లందరి నీళ్లతో, ఖాళీ చేయాల్సింది మాత్రం మేమా? నాగోలు అన్న చెప్పిందే నాకు న్యాయంగా ఉంది. ముందు పైపుల సంగతి చూడండి.

చైతన్యపురి టీచర్:
భాయ్, కంచె విషయంలో నేను మీ వైపే. జేసీబీకి నేను చందా ఇవ్వను, మీటింగులో ఆ మాట చెప్తాను. నేను అడిగేది ఆదివారం పని ఆపొద్దనే.

రిటైర్డ్ ప్లాంట్ ఇంజినీర్:
ఇద్దరి మాటల్లోనూ ఒక ముక్క తప్పిపోయింది. మురుగు శుద్ధి కేంద్రాలు మనకు లేక కాదు. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. నాగోలులో 172, అత్తాపూర్‌లో 51, నల్లచెరువులో 30. ఇవి కాక 3,866 కోట్లతో మరో 31 ప్లాంట్లు 2021లో మంజూరయ్యాయి. నీళ్లు ప్లాంటు దాకా చేరడం దగ్గరే కథ అంతా ఉంది.

నాలా నదిలో కలిసే ముందు అడ్డంగా చిన్న గోడ కట్టి, మురుగును పక్కనున్న పెద్ద పైపులోకి మళ్లిస్తారు. పైపు నోటికి ఇనుప జాలీ ఉంటుంది. ఆ జాలీకి కవర్లు, గుడ్డలు, థర్మాకోల్, కొబ్బరి బొండాలు అడ్డం పడితే నీటిమట్టం లేచి, మురుగు గోడ మీదుగా పొర్లి నేరుగా మూసీలో పడుతుంది. జాలీ తీసి కడిగేదాకా అంతే. వాన పడ్డప్పుడు ఎలాగూ పొర్లుతుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పొర్లుతోందంటే మాత్రం జాలీ మూసుకుపోయిందనో, పంపు ఆగిందనో అర్థం. చూసి, ఫొటో తీసి, వేళతో సహా ఫిర్యాదు పెట్టేవాళ్లుంటే కదలిక వస్తుంది. అంటే చెత్తకూ మురుగుకూ సంబంధం ఉంది మేడమ్. కాకపోతే ఏరాల్సింది నాలా పైన, బస్తీల్లో, షాపుల ముందు. నది గట్టున కాదు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఎవరూ నాలాలోకి దిగొద్దు. మ్యాన్‌హోల్ మూత అసలే తీయొద్దు. ఆ గ్యాసుకు మనుషులు క్షణాల్లో పోతారు. అది యంత్రాలతో చేయాల్సిన పని, రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని దింపకూడదని 2013 చట్టం ఉంది.

గండిపేట వైపు నుంచి:
పైన సంగతి కూడా చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో కట్టడాలకు పగ్గాలు వేసిన జీవో 111, 1996 నాటిది. 2022లో ఆ పగ్గాలు సడలించారు. రేపు ఇక్కడ టవర్లు లేస్తే వాటి మురుగూ మీ నాగోలుకే వస్తుంది. గోదావరి నుంచి రెండున్నర టీఎంసీలు తెచ్చి మూసీలో పారిస్తామంటున్నారు. మురుగు ఆపకుండా మంచినీళ్లు కలిపితే పలచబడుతుంది, అంతే.

వలిగొండ రైతు:
సిటీ వాళ్లు సిటీ దాకానే మాట్లాడుతున్నారు. మూసీ నాగోలు దగ్గర అయిపోదు. పిల్లాయిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, మా సంగెం దగ్గర నదికి అడ్డంగా ఉన్న భీమలింగం కత్వ (ఆనకట్ట), ఇవన్నీ ఆ నీళ్ల మీదే ఉన్నాయి. కత్వ మీది నుంచి నీళ్లు దుమికినప్పుడు సబ్బు నురగ దూదిలాగా లేచి గాలికి వరి మీద పడుతుంది. నాట్లేసే ఆడవాళ్లకు మోకాళ్ల కింద దురదలు, పుండ్లు. ఈ నీళ్ల బియ్యం అంటే మిల్లర్లు ధర కోస్తారు. ఇంట్లోకి మేం వేరే బియ్యం కొనుక్కుంటున్నాం. పండించినోళ్లే తినట్లేదంటే మీరే అర్థం చేసుకోండి.

అట్లని నీళ్లు ఆపేస్తే మా యాసంగి పోతుంది. చుట్టుపక్కల బోర్లు ఎండినప్పుడు కూడా మాకు వరి ఉందంటే ఈ కాలువల వల్లే. బర్రెలకు గడ్డి పెంచి బతికేవాళ్లున్నారు. శుద్ధి చేసిన నీళ్లు ఫ్యాక్టరీలకు, పార్కులకు ఇస్తామని వింటుంటే భయమైతుంది. మాకు మంచిగైన నీళ్లు కావాలి, నీళ్లూ కావాలి. మీ కమిటీలో ఏది తీర్మానం చేసినా ఆ రెండో మాట రాయండి.

నాగోలు వాసి:
రాస్తాం అన్నా. ఇంజినీర్ గారు చెప్పింది విన్నాక నా ప్రతిపాదనను ఇలా మార్చి మీటింగులో పెడుతున్నా. జేసీబీ, కంచె వద్దు. టీచర్ గారి ఆదివారం పని ఉంటుంది, కానీ నాలా పక్క బస్తీల్లో, షాపుల దగ్గర. మిగతా రోజుల్లో వంతుల వారీగా గోడ పొర్లుతోందా లేదా చూసి, తేదీ, వేళ, ఫొటో ఒక రిజిస్టర్‌లో ఎక్కిస్తాం. చాదర్‌ఘాట్ భాయ్, మీ బస్తీ నుంచి ఇద్దరు కమిటీలో ఉండాలి. మీరు లేకుండా గట్టు గురించి ఏ తీర్మానమూ చేయం.

చాదర్‌ఘాట్ నుంచి:
వస్తాం. ఆ మాట మినిట్స్‌లో రాసి సంతకం పెట్టండి.

వలిగొండ రైతు:
కత్వ దగ్గర నురగ ఎక్కువైన రోజు, కాలువ నీళ్లు రంగు మారిన రోజు నేనూ రాసిపెడతా. మీ రిజిస్టర్, నా నోట్‌బుక్ పక్కపక్కన పెడితే, ఎన్నడు పొర్లిన మురుగు మా పొలానికి ఎన్ని రోజులకు వచ్చిందో బయటపడుతుంది. అర్జీ ఒక్కటే రాద్దాం, మీ సంతకాల కింద మా ఊరోళ్ల సంతకాలు కూడా పెట్టిస్తా. మీటింగ్ ఎన్నడో చెప్పండి.