అరుణాచలం గిరి ప్రదక్షిణకు ఏ నెలలో వెళ్తే మంచిది?

కోవూరు కోడలు:
మా అత్తయ్యగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా 14 కిలోమీటర్లూ నడిచే తిరుగుతానని పట్టుబట్టారు. ఎండా వానా లేని నెల ఏదో వెళ్లివచ్చినవాళ్లు చెప్పండి. పౌర్ణమి నాడే చేయాలా? ఇంకొకటి, గుడికి దగ్గరలో కింది అంతస్తులో, కమోడ్ ఉన్న గది ఎక్కడ దొరుకుతుంది?

కావలి కుర్రాడు:
ఏ నెలైనా ఫరవాలేదు గానీ నవంబరు వద్దు అక్కా. 2021 కార్తీక పౌర్ణమికి వెళ్లాం. ఒక పక్క కరోనా ఆంక్షలు, ఇంకో పక్క వాన. ప్రదక్షిణ చేశామో గొడుగులు మోశామో మాకే తెలియదు. తిరిగి వస్తుంటే పడుగుపాడు దగ్గర హైవే తెగిపోయింది. రైలు పట్టాల కింద కట్ట కూడా కొట్టుకుపోయింది. నెల్లూరు నుంచి గంటలో చేరాల్సిన ఇంటికి మూడో రోజు చేరాం. సంచిలో తడి పంచెలు ముక్కిపోయాయి.

పులికాట్ పక్షి:
అది పెన్నా వరద బాబూ. అరుణాచలం ఏం చేసింది?

కావలి కుర్రాడు:
వరద పెన్నాదే, వాయుగుండం మాత్రం అందరిదీ. నవంబరు, డిసెంబరుల్లో మన ఆకాశం, తమిళనాడు ఆకాశం ఒకటే. 2024 డిసెంబరు 1న అదే కొండ చరియ విరిగిపడి ఏడుగురు పోయారు, అప్పుడే మరచిపోయారా? ఆ ఏడు కొండ మీద వెలిగించే కార్తీక దీపానికి జనాన్ని ఎక్కనివ్వలేదు కూడా.

ఒంగోలు మేష్టారు:
నేను ఇప్పటికి 43 ప్రదక్షిణలు చేశాను, కాబట్టి నా మాట వినండి. వానకు భయపడేవాళ్లు ఇంట్లోనే కూర్చోవచ్చు. కార్తీకాన్ని మించిన నెల లేదు. దీపం చూడకుండా ఎన్నిసార్లు తిరిగితే ఏం లాభం?

ఉదయగిరి చెక్కగరిటె:
ఆ దీపం గురించే నా కడుపుమంట. 2024లో కార్తీక పౌర్ణమి నవంబరు 15న వచ్చింది. మా వీధివాళ్లం పదకొండు మందిమి వ్యాను మాట్లాడుకుని వెళ్లాం. సాయంత్రం ఆరింటికి కొండకేసి చూస్తూ నిలబడ్డాం. ఆరున్నర అయింది, ఏడయింది. పైన వెలగగానే కింద వెలిగించాలని మా వదిన అరటిదొప్పలో నెయ్యి పోసి, వత్తి వేసి, అగ్గిపెట్టె చేత్తో పట్టుకునే ఉంది. చివరకు మల్లెపూలు అమ్మే ఒకావిడ మా వాలకం చూసి జాలిపడి, వచ్చీరాని తెలుగులో "దీపం వచ్చే నెల" అంది. తిరుగు దారిలో వ్యానులో ఒక్కరూ మాట్లాడలేదు.

ఒంగోలు మేష్టారు:
పంచాంగం చూడకుండా బయలుదేరితే తప్పు ఎవరిది? మన కార్తీకం దీపావళి మరునాడు మొదలవుతుంది. తమిళుల కార్తీకం సూర్యుడు వృశ్చికంలోకి వచ్చాక, అంటే నవంబరు నడిమిలో. ఆ నెలలో కృత్తికా నక్షత్రం నాడు దీపం. దీపావళి ముందుగా వస్తే మన పౌర్ణమి వాళ్ల నెల పుట్టకముందే వెళ్లిపోతుంది. 2024లో దీపం డిసెంబరు 13న. 2025లోనూ అంతే: మన పౌర్ణమి నవంబరు 5, దీపం డిసెంబరు 3. 2021లో రెండూ కలిసి వచ్చాయి. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఉదయగిరి చెక్కగరిటె:
మా ఊరి చిన్నపిల్లలకు తెలియదు మేష్టారూ. మా గోడకు తెలుగు క్యాలెండరే ఉంది. 43 సార్లు తిరిగినవారు ఇదే ముక్కను ముందుగా, కాస్త మర్యాదగా చెప్పి ఉంటే మా వ్యాను బాడుగ మిగిలేది.

పులికాట్ పక్షి:
మా సూళ్లూరుపేటలో రెండు క్యాలెండర్లూ ఉంటాయి. ఒకటి పెళ్లిళ్లకు, ఒకటి దీపానికి.

కందుకూరు కాపురం:
మీరిప్పుడు తిరుపతి జిల్లా కదా, నెల్లూరు వాళ్ల మాటల్లోకి ఎందుకు వచ్చారు?

పులికాట్ పక్షి:
2022లో మమ్మల్ని అటు తోసిన చేత్తోనే మిమ్మల్ని ప్రకాశం నుంచి తెచ్చి నెల్లూరులో పెట్టారు. ఎవరు ఎవరిని అంటున్నారండీ?

కందుకూరు కాపురం:
జిల్లా మారినా మా మాలకొండ మారలేదు. స్వామి శనివారం ఒక్కరోజే దర్శనమిస్తాడు. నెలతో పని లేదు, వారం గుర్తుంటే చాలు. ఇంటి పక్కన నరసింహస్వామిని పెట్టుకుని అంత దూరం పరుగులెందుకో నాకు అర్థం కాదు.

మాగుంట లేఅవుట్ నడక:
అసలు ప్రశ్న ఎండ గురించి. పిల్లల పరీక్షలు అయ్యాయని చైత్ర పౌర్ణమికి వెళ్లాను. రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టినా తారు రోడ్డు పెనంలాగే ఉంది. జనం ఎంతమంది అంటే, కాలు ఎక్కడ వేయాలో మనం చూసుకోలేం, ముందువాళ్ల మడమలే చూస్తూ నడవాలి. ఆది అన్నామలై గుడి దగ్గర కూర్చుని చూసుకుంటే కుడి మడమ కింద రూపాయి బిళ్లంత బొబ్బ. మేజోళ్లు తొడుక్కుని మిగతా సగం పూర్తి చేశాను.

ఒంగోలు మేష్టారు:
మేజోళ్లా! ఇక చెప్పులు మాత్రం ఏం పాపం చేశాయి?

మాగుంట లేఅవుట్ నడక:
బొబ్బ నా కాలికి వచ్చింది మేష్టారూ, మీ కాలికి కాదు.

గూడూరు నిమ్మతోట:
కోవూరు అమ్మాయీ, వీళ్ల గొడవ వదిలెయ్యి. జనవరి, ఫిబ్రవరి వెళ్లండి. వానలు వెనకబడతాయి, ఎండ ముదరదు. పౌర్ణమి వద్దు, మామూలు రోజు తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఎండెక్కే లోపు చాలా దూరం అయిపోతుంది. మా అమ్మ ఇంద్రలింగం నుంచి ఈశాన్యలింగం దాకా దారిలో ఉన్న ఎనిమిది లింగాల దగ్గరా కాసేపు కూర్చుంటూ పూర్తి చేసింది. దీపం కూడా చూడాలంటే ఒక ఉపాయం: అది 11 రోజులు వెలుగుతుంది. మొదటి రోజు తొక్కిసలాట ఎందుకు, ఆరో రోజో ఏడో రోజో వెళ్లినా కొండ మీద వెలుగు కనిపిస్తుంది. మోకాలు మొరాయిస్తే దారిలో ఆటోలు ఉంటాయి.

ఒంగోలు మేష్టారు:
ఆటోలో తిరిగితే అది ఆటో ప్రదక్షిణ.

గూడూరు నిమ్మతోట:
మీ మోకాళ్లకూ 68 వస్తాయి, అప్పుడు మాట్లాడుకుందాం.

కోవూరు కోడలు:
జనవరి ఆఖరున వెళ్దామంటే అత్తయ్యగారు సరేనన్నారు. ఆటో మాట ఎత్తితే మాత్రం మీ మేష్టారి లాగే కోప్పడ్డారు. గది సంగతి ఎవరూ చెప్పలేదు.

కందుకూరు కాపురం:
మాలకొండ అయితే గదితో పనే లేదమ్మా, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.