లోడ్ 38, సీపీయూ మాత్రం ఖాళీ: టాప్‌ని ఎలా చదవాలి?

నైట్‌షిఫ్ట్: 8 కోర్ల లినక్స్ సర్వర్. టాప్ కమాండ్‌లో లోడ్ యావరేజ్ (గత 1, 5, 15 నిమిషాల సగటు) 38.10, 36.72, 21.05. సీపీయూ ఐడిల్ (ఖాళీ) 71 శాతం, డబ్ల్యూఏ (ఐఓ కోసం ఎదురుచూపు) 12 శాతం. ఫ్రీ మెమరీ 300 ఎంబీ కూడా లేదు. ఒక జావా ప్రాసెస్ 130 శాతం సీపీయూ తింటోంది. రెండు జాంబీలు (పని ముగిసినా పట్టికలో మిగిలిపోయిన ప్రాసెస్‌లు) కూడా ఉన్నాయి. రీబూట్ కొట్టెయ్యమని పైనుంచి ఒకటే టెన్షన్. ముందు ఏది చూడాలి?

కోర్‌లెక్క: 38ని 8తో భాగించండి. ఒక్కో కోర్‌కి దాదాపు ఐదు పనులు క్యూలో ఉన్నాయి. సర్వర్ చాలడం లేదు, కోర్లు పెంచండి.

పాతయూనిక్స్: ఐడిల్ 71 ఉంటే కోర్లు పెంచి ఏం చేస్తారండీ? ఉన్నవే ఖాళీగా కూర్చున్నాయి. లినక్స్ లోడ్‌లో సీపీయూ కోసం ఆగినవే కాదు, డీ స్థితిలో (డిస్క్ లాంటి ఐఓ కోసం కదలకుండా ఆగి) ఇరుక్కున్నవీ కలుస్తాయి. 1993లో ఒక ప్యాచ్‌తో వచ్చిన పద్ధతి ఇది. సోలారిస్‌లో ఇలా ఉండదు. రెండూ నడిపినవాణ్ని కాబట్టి చెబుతున్నా.

కోర్‌లెక్క: చరిత్ర పాఠాలు అక్కర్లేదు. మా అలర్ట్‌లన్నీ లోడ్ బై కోర్ల మీదే పెట్టాం, ఏళ్లుగా బాగానే పనిచేస్తున్నాయి.

పాతయూనిక్స్: అలర్ట్ మోగడం వేరు, జబ్బు తెలియడం వేరు. వీఎమ్‌స్టాట్ 1 కొట్టి ఆర్ (సీపీయూ కోసం ఉన్నవి), బీ (ఐఓ కోసం ఆగినవి) కాలమ్స్ చూడమనండి. ఆర్ చిన్నగా, బీ పెద్దగా ఉంటే మీ భాగహారం చెల్లదని అక్కడే తేలిపోతుంది.

పికిల్: 130 శాతమా? 100 దాటితే టాప్‌లో బగ్ కాదా?

త్రెడ్డుబాబు: బగ్ కాదు బ్రదర్. ఒక్క కోర్‌ని 100గా లెక్కేస్తుంది. షిఫ్ట్ ఐ నొక్కితే మొత్తం కోర్ల మీద పంచి 16 దగ్గర చూపిస్తుంది. అసలు నా మంట పీఎస్ (ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్) మీద. అందులో సీపీయూ శాతం ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి సగటు. వారాల తరబడి నిద్రపోయి ఇప్పుడే చెలరేగిన ప్రాసెస్ అక్కడ 2 శాతమే కనిపిస్తుంది. మా టీమ్‌లో అది చూసి అసలు దోషిని వదిలేసి, డేటాబేస్‌ని రీస్టార్ట్ చేశారు!

క్లౌడ్‌వాలా: వర్చువల్ మెషీన్ అయితే టాప్‌లో ఎస్‌టీ (స్టీల్) చూడండి. అది పెరిగితే మీ సీపీయూ సమయాన్ని హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) పక్కవాళ్లకి ఇస్తోందని అర్థం.

కోర్‌లెక్క: ఆయన ఎస్‌టీ గురించి అడిగారా? సూటిగా జవాబు చెప్పండి.

డిస్క్‌రాణి: సూటిగానే చెబుతా. పీఎస్‌లో స్టాట్ (ప్రాసెస్ స్థితి), డబ్ల్యూచాన్ (కెర్నల్‌లో ఎక్కడ ఆగిందో) కాలమ్స్ తెప్పించి డీ ఉన్న వరుసలు మాత్రం చూడండి. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఇంకో సర్వర్ ఫైళ్లు వాడుకునే పద్ధతి) పేర్లు కనిపిస్తే, అవతలి సర్వర్ పలకక మౌంట్ వేలాడుతోందన్నమాట. అప్పుడు డీఎఫ్ (డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూపే కమాండ్) మాత్రం కొట్టకండి, అదీ ఇరుక్కుని లోడ్ ఇంకో 1 పెరుగుతుంది. నిమిషానికోసారి డీఎఫ్ నడిపే మానిటరింగ్ స్క్రిప్టు ఉంటే నిమిషానికి ఒకటి చొప్పున పేరుకుంటాయి. ఒక్క సీపీయూ కూడా కష్టపడకుండానే లోడ్ వందలు దాటడం మా దగ్గర చూశాను.

నైట్‌షిఫ్ట్: డిస్క్‌రాణి గారూ, సరిగ్గా అదే! ముప్పైకి పైగా డీఎఫ్‌లు డీలో ఉన్నాయి. బ్యాకప్ మౌంట్ అవతలి సర్వర్ పడిపోయింది, దాన్ని లేపించాం. డీఎఫ్‌లన్నీ పోయాయి, రీబూట్ తప్పింది. కానీ నిమిషం దాటినా మొదటి అంకె ఇంకా 15 దగ్గర ఉందేంటి?

పాతయూనిక్స్: కంగారు పడకండి. అది పాతదాన్ని మెల్లగా మరిచిపోయే సగటు. నిమిషం తర్వాత కూడా పాత లోడ్‌లో 37 శాతం మిగిలే ఉంటుంది.

కోర్‌లెక్క: మరి నా అలర్ట్ తప్పంటారా? లోడ్ 38 దాటిందని చెప్పింది కదా!

పాతయూనిక్స్: చెప్పింది. కోర్లు కొనమని మాత్రం అది చెప్పలేదు, మీరు చెప్పారు. కెర్నల్ 4.20 పైన ఉంటే ప్రాక్ ప్రెషర్ ఫైళ్లు చూడండి. సీపీయూ, మెమరీ, ఐఓ ఒత్తిడి విడివిడిగా చూపిస్తాయి.

త్రెడ్డుబాబు: ఫ్రీ మెమరీ సంగతి అందరూ మరిచారు. ఫ్రీ కాదు, అవైలబుల్ చూడండి. క్యాష్ కింద వాడినదాంట్లో చాలావరకు అడిగితే కెర్నల్ తిరిగి ఇచ్చేస్తుంది.

పికిల్: మరి ఆ రెండు జాంబీల సంగతి?

డిస్క్‌రాణి: అవి మెమరీ తినవు, లోడ్‌లోకీ రావు. పీపీఐడీ (పేరెంట్ ప్రాసెస్ నంబరు) చూసి పేరెంట్ ఎవరో పట్టుకోండి.