ఫిట్టింగులు అమ్మేవాళ్లకు లైటింగ్ డిజైనర్ల సంఘంలో చోటు ఉండాలా?

వెలుగునీడ (హైదరాబాద్):
మన దగ్గర ఆర్కిటెక్చరల్ లైటింగ్, అంటే భవనాల్లో వెలుగు ఎలా ఉండాలో డిజైన్ చేసే పని, చేసేవాళ్లందరం ఒక సంఘం పెట్టుకోవాలన్న మాట మళ్లీ మొదలైంది. సభ్యత్వం ఎవరికివ్వాలి అనే దగ్గరే ఆగిపోతోంది కాబట్టి, ఇదే చిక్కు ముందు ఎదుర్కొన్న సంఘం కథ ఒకసారి చూద్దాం.

అమెరికాలో ఇల్యూమినేటింగ్ ఇంజనీరింగ్ సొసైటీ, అంటే ఐఈఎస్, 1906 నుంచీ ఉంది. ఇంజనీర్లు, కరెంటు కంపెనీలవాళ్లు, దీపాల తయారీదారులు అందరూ అందులో ఉండేవాళ్లు. ఒక చోట ఎంత వెలుగు పడాలి, దాన్ని ఎలా కొలవాలి అన్న శాస్త్రం చాలావరకు అక్కడే పెరిగింది. ఇంకోవైపు రిచర్డ్ కెల్లీ 1935లో న్యూయార్క్‌లో లైటింగ్ డిజైనర్‌గా సొంత ప్రాక్టీసు పెట్టారు. ఏబ్ ఫెడర్ లాంటివాళ్లు నాటకరంగం నుంచి భవనాల వైపు వచ్చారు. ఎంత వెలుగు కావాలన్నది ఒక్కటే వీళ్ల ప్రశ్న కాదు. కెల్లీ వెలుగును మూడు రకాలుగా చూశారు: చూపును ఒక చోటికి లాగేది, గదంతా సమంగా పరుచుకునేది, కంటికి హుషారునిచ్చే మిలమిలలు. ఆ పని చేసేవాళ్లకంటూ 1969లో ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ లైటింగ్ డిజైనర్స్, అంటే ఐఏఎల్‌డీ, ఏర్పడింది. ఫిట్టింగుల తయారీ మీదో అమ్మకం మీదో సంపాదించేవాళ్లకు అందులో ప్రొఫెషనల్ సభ్యత్వం లేదు. తయారీదారులకు వేరే కౌన్సిల్ ఉంది.

ఆ గీత గీయకపోతే ఈ వృత్తి నిలబడేదే కాదని నా నమ్మకం. మన ఊళ్లలో చూడండి. షోరూముకు ఫ్లాట్ ప్లాన్ పంపిస్తే మర్నాటికి లేఅవుట్ ఉచితంగా వస్తుంది. హాల్లో ఫాల్స్ సీలింగ్ నిండా డౌన్‌లైట్లు, చుట్టూ కోవ్ (అంచులో దాచిన లైట్లు), పైన ప్రొఫైల్ లైట్లు (సన్నటి గీతల్లాంటివి). అది గీసిన కుర్రాడు చెడ్డవాడని కాదు. లైట్ల సంఖ్యను బట్టి బిల్లు పెరిగే చోట కూర్చుని "ఇక్కడ లైటు అక్కర్లేదు" అని ఎవరు చెప్పగలరు? లైటింగ్ డిజైనర్ పనిలో సగం ఆ మాట చెప్పడమే.

మన సంఘానికీ ఇదే నియమం ఉండాలంటాను. మీరేమంటారు?

షోరూం శ్రీను (విజయవాడ):
అన్నా, నేను ఆ షోరూములోనే కూర్చుంటాను. బాధగానే ఉంది, అయినా మర్యాదగానే చెబుతాను.

మీరు చెప్పిన కెల్లీ గారి పనులే తీసుకుందాం. న్యూయార్క్‌లో సీగ్రమ్ బిల్డింగ్, టెక్సస్‌లో కింబెల్ మ్యూజియం, రెండింటికీ ఆయన వెంట ఉన్నది ఎడిసన్ ప్రైస్, న్యూయార్క్‌లో ఫిట్టింగులు తయారుచేసిన మనిషి. హోవార్డ్ బ్రాండ్‌స్టన్ అనే లైటింగ్ డిజైనర్ 1986లో లిబర్టీ విగ్రహానికి కొత్తగా వెలుగు పెట్టినప్పుడు, ఆ ఆకుపచ్చగా మారిన రాగికి తగ్గ దీపాలు బజారులో లేకపోతే కొత్త మెటల్ హాలైడ్ ల్యాంపులు చేసిచ్చింది జనరల్ ఎలక్ట్రిక్. మీరంతా లెక్కలు వేసే డైలక్స్ సాఫ్ట్‌వేర్ డిజైనర్లకు ఉచితం, దాని ఖర్చు పెడుతున్నది ఫిట్టింగుల కంపెనీలే. అమెరికాలో లైట్‌ఫెయిర్ అనే లైటింగ్ వ్యాపార ప్రదర్శన వెనక ఉన్నది ఐఏఎల్‌డీ, ఐఈఎస్ రెండూ. అక్కడ స్టాళ్లకు అద్దె కట్టేది ఎవరు? మేమే కదా.

డబ్బు మా దగ్గర తీసుకుని ఓటు మాత్రం మీరే ఉంచుకుంటామంటే, దాన్ని స్వతంత్రం అని నేను ఒప్పుకోలేను.

వెలుగునీడ (హైదరాబాద్):
శ్రీనూ, లైట్‌ఫెయిర్ సంగతి నువ్వు చెప్పింది గట్టి ప్రశ్నే. సంఘం ఆదాయం ప్రదర్శన మీద ఆధారపడితే దాని మాటకు బలం తగ్గుతుంది. మన సంఘం మొదటి రోజు నుంచే సభ్యుల చందాతో నడవాలి, చిన్నగా ఉన్నా సరే.

కింబెల్ విషయంలో మాత్రం ఒప్పుకోను. కెల్లీకి ఫీజు వచ్చింది డిజైన్ చేసినందుకు. ఎన్ని ఫిట్టింగులు అమ్ముడయ్యాయన్నదాన్ని బట్టి కాదు. అక్కడ ముఖ్యమైన వెలుగు అసలు దీపాలది కూడా కాదు, ఎండది. ఆర్కిటెక్ట్ లూయిస్ కాన్ కట్టిన కాంక్రీటు వాల్టుల (వంపు కప్పుల) నడినెత్తిన పొడవునా సందు, దాని కింద చిల్లుల అల్యూమినియం రిఫ్లెక్టర్. లోపలికి దిగిన ఎండ ఆ రేకుకు తగిలి వాల్టు మీదికి వెళ్లి అక్కడి నుంచి పరుచుకుంటుంది. పగటి వెలుగునే వాడుకుందామని చెప్పడానికి అమ్మకం లెక్క అడ్డురాని మనిషి కావాలి. తయారీదారుతో కలిసి పనిచేయడాన్ని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. ఎవరి దగ్గర జీతం తీసుకుంటున్నాం అన్నదే నా ప్రశ్న.

డల్లాస్ నుంచి వాసు:
కింబెల్ మాకు దగ్గరే, ఫోర్ట్‌వర్త్‌లో. శ్రీను గారికి ఇంకో ఆధారం అందిస్తాను: ఆ రిఫ్లెక్టర్ వంపు లెక్కను కంప్యూటర్ మీద కట్టింది ఎడిసన్ ప్రైస్ దగ్గర ఇంజనీరు ఐజాక్ గుడ్‌బార్. అంటే విద్య రెండువైపులా ఉంది.

అయినా నా ఓటు వెలుగునీడ గారికే. కారణం మా టెక్సస్‌లోనే జరిగింది. 2009లో ఇక్కడి శాసనసభకు ఒక బిల్లు వచ్చింది. లైసెన్సు ఉన్న ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు లాంటి కొన్ని వృత్తులవాళ్లు తప్ప ఇంకెవరూ లైటింగ్ డిజైన్ చేయకూడదని అందులో ఉంది. లైటింగ్ డిజైనర్ అనే లైసెన్సు ఎక్కడా లేదు కాబట్టి, అది అలాగే దాటితే ఈ పనే బతుకైనవాళ్లకు రాష్ట్రంలో పని ఉండేది కాదు. ఐఏఎల్‌డీ దేశమంతటా డిజైనర్లను కూడగట్టి ఆ మాటలు తీయించింది. ఇలాంటి చోట "మేం అమ్మేవాళ్లం కాదు, ఇది మా వృత్తి" అని చెప్పగలిగిన సంఘానికి వేరే బరువు ఉంటుంది.

ఇంకో విషయం. ఎల్‌సీ అనే పరీక్ష ఒకటి ఉంది. 1991లో ఏర్పడ్డ ఎన్‌సీక్యూఎల్‌పీ అనే సంస్థ దాన్ని నడుపుతుంది, తయారీ కంపెనీలవాళ్లు కూడా రాయొచ్చు. తర్వాత వచ్చిన సీఎల్‌డీ అనే గుర్తింపు చేసిన ప్రాజెక్టులు చూసి ఇస్తారు. తెలివికి ఒక తలుపు, స్వతంత్రానికి ఇంకో తలుపు. రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఇక్కడ ఇంత వేడి.

పద్మజ ఆర్కిటెక్ట్ (విశాఖ):
వాసు గారి రెండు తలుపుల మాట బాగుంది. కానీ మన దగ్గర పరిస్థితి ఇంకా కష్టం. 1972 ఆర్కిటెక్ట్స్ యాక్ట్ కూడా ఆర్కిటెక్ట్ అనే పేరునే కాపాడుతుంది తప్ప ఆ పనిని ఇతరులు చేయకుండా ఆపదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. లైటింగ్ డిజైనర్‌కు ఆ పేరు రక్షణ కూడా లేదు. రేపు ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి సంఘం నియమమే మనకున్న ఏకైక గీత.

అయితే ఆ గీత షోరూము వైపే ఎందుకు గీస్తున్నారు? స్పెక్‌లో (ఏ సామాను వాడాలో చెప్పే కాగితంలో) ఒక బ్రాండు పేరు రాసి, బిల్లు పాసయ్యాక కమీషన్ తీసుకునే కన్సల్టెంట్లు లేరా? మా ఆర్కిటెక్టుల్లోనూ ఉన్నారు, నేను చూశాను. శ్రీను కనీసం తను అమ్ముతున్నానని బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు. దొంగచాటుగా తీసుకునేవాడికి సభ్యత్వమిచ్చి శ్రీనును బయట నిలబెడితే ఆ సంఘంలో నేను చేరను.

వెలుగునీడ (హైదరాబాద్):
పద్మజ గారూ, నూటికి నూరుపాళ్లు మీతోనే ఉన్నాను. కమీషన్ తీసుకున్నట్టు రుజువైతే సభ్యత్వం పోవాలి, పేరు బయట పెట్టాలి. ఇది మొదటి నియమంగా రాద్దాం.

షోరూం శ్రీను (విజయవాడ):
మేడమ్, ఆ మాట అన్నందుకు థాంక్స్. పరీక్ష అందరికీ పెడితే నేను రాస్తాను, పాసవుతాను కూడా. ఒక్కటి చెప్పండి. మా దగ్గర ఒకమ్మాయి డిజైన్ చేస్తుంది. నెల జీతమే, అమ్మకం మీద పైసా రాదు. ఆమె ఏ తలుపు దగ్గర నిలబడాలి?

వెలుగునీడ (హైదరాబాద్):
ఆ జీతం వచ్చేది అమ్మకం నుంచే కదా శ్రీనూ. పరీక్ష రాయొచ్చు, మీటింగులకు రావచ్చు, ప్రొఫెషనల్ సభ్యత్వం మాత్రం సొంతంగా పని పెట్టుకున్నాక. కఠినమే, తెలుసు.

పద్మజ ఆర్కిటెక్ట్ (విశాఖ):
నాకది అన్యాయం అనిపిస్తోంది, ఓటింగుకు పెడితే వ్యతిరేకిస్తాను. అంతకంటే ముందు ఇంకో పని చేయొచ్చు. ఎవరు డ్రాయింగ్ ఇచ్చినా దాని ధర బిల్లులో విడిగా చూపాలి, షోరూమైనా సరే. డబ్బు కట్టిన క్లయింటు ఆ డ్రాయింగ్ పట్టుకుని ఏ షాపుకైనా వెళ్లగలగాలి.

షోరూం శ్రీను (విజయవాడ):
అందుకు నేను రెడీ. డ్రాయింగ్ మీద మా మోడల్ నంబర్లు కాకుండా లుమెన్లు (మొత్తం వెలుగు ఎంత), బీమ్ యాంగిల్ (ఎంత వెడల్పుగా పడుతుంది), కలర్ టెంపరేచర్ (పసుపా తెలుపా), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయి) రాసిస్తాం. కానీ ఫిట్టింగులు వేరే చోట కొన్నాక గ్లేర్ (కళ్లలో కొట్టే వెలుగు) వస్తోందని, స్పాట్ లైట్లు తిప్పి పెట్టమని మమ్మల్ని పిలిస్తే ఆ విజిట్‌కూ ఫీజు తీసుకుంటాం. అదీ నియమాల్లో రాయండి.