పాంగుర్ బాన్‌లో బాన్ ఎవరిది?

వాలుకుర్చీ: తొమ్మిదో శతాబ్దపు ఐరిష్ సన్యాసి ఒకాయన తన పిల్లి మీద రాసుకున్న పద్యం నిన్నట్నుంచి వదలడం లేదు. "నేనూ, పాంగుర్ బానూ" అన్న ముక్క తప్ప మిగతాది జారిపోయింది. ఐరిష్‌లో బాన్ అంటే తెలుపు కదా? మరి హంగేరియన్ ఒపెరా "బాంక్ బాన్"లోనూ అదేనా?

అరసున్న: కాదండీ. అక్కడ బాన్ ఒక బిరుదు, రాజు తరఫున ఏలేవాడు. క్రొయేషియాలోనూ ఉండేవాళ్ళు. 1861లో ఎర్కెల్ అనే స్వరకర్త ఒపెరాగా కట్టింది అలాంటి బాన్ అయిన బాంక్ కథే. హంగేరియన్లో బిరుదు పేరు వెనకాల వస్తుంది, మన "గారు"లాగా. బుడాపెస్ట్‌లో "పాంగుర్ బాన్" అంటే పిల్లికి ఓ రాష్ట్రం అప్పజెప్పినట్టే.

పిల్లిమొగ్గ: అక్కడ బాన్ అనే క్రియ కూడా ఉంది, చేసినదానికి విచారించడం. బానత్ అంటే దుఃఖం. ఎలుకను వదిలేసి కుమిలిపోతున్న పిల్లి అన్నమాట :)

చుక్కలముగ్గు: నన్నడిగితే ఐరిష్ బాన్ మన భానుడే. తెల్లావును "బో భాన్" అని బీ పక్కన హెచ్ పెట్టి మరీ రాస్తారు. ఆ బో మన గో.

అరసున్న: రాసేది అలా, పలికేది "వాన్"! బో స్త్రీలింగం కాబట్టి వెనకాల బకారం మెత్తబడింది. మన గసడదవాదేశంలో "వాడు పోయె" కాస్తా "వాడు వోయె" అవడం లేదూ? ఆ హెచ్ మహాప్రాణం కాదు.

చుక్కలముగ్గు: హెచ్ పోతే పోనీండి మాస్టారూ, ధాతువు నాదే. వెలుగుకు "భా". ప్రభ, భానుడు ఇటు, బాన్ అటు.

అరసున్న: ధాతువు మీద పేచీ లేదు, మీ సాక్ష్యం మీదే. తప్పు బస్సెక్కి సరైన ఊళ్ళో దిగారు.

పిల్లిమొగ్గ: లింగం అన్నారు గనక, "కలీన్", అంటే అమ్మాయి, ఐరిష్‌లో పుంలింగం. అందుకే "కలీన్ బాన్", వాన్ కాదు. నవ్వకండి, మన దగ్గర అమ్మాయీ ఆవూ ఒకేలా "వచ్చింది".

చుక్కలముగ్గు: బీడు నేలనూ బాన్ అంటారు. దాన్నుంచి పుట్టిన క్రియకు తెల్లబరచడంతో పాటు ఊరిని పాడుపెట్టడమనీ అర్థం. మనకు మొహాలే తెల్లబోతాయి, వాళ్ళకు ఊళ్ళు.

వాలుకుర్చీ: బాగుంది. ఇంతకీ పాంగుర్ అంటే?

అరసున్న: వెల్ష్ మాటంటారు. ఉన్నిబట్టను తొక్కి చిక్కబరిచేవాడు.

పిల్లిమొగ్గ: మా పిల్లి రోజూ దుప్పటి మీద చేసే పని అదే! ఆ వ్రాతప్రతి ఇప్పుడు ఆస్ట్రియాలో ఒక మఠంలో ఉంది. అంటే హంగేరీకి పక్కిల్లే.

వాలుకుర్చీ: రెండో పాదం ఎవరికీ గుర్తు లేదా?